స్ప్రిట్జ్ పాడయ్యేది ఆపెరోల్ వల్ల కాదు

ఆపెరోల్ స్ప్రిట్జ్ అనే ఇటలీ కాక్‌టెయిల్ మీద ఒక నింద పాతుకుపోయింది: చూస్తే అందం, తాగితే పంచదార పాకం. 2019లో న్యూయార్క్ టైమ్స్‌లో అది అసలు మంచి డ్రింకే కాదంటూ ఒక వ్యాసం వచ్చింది. దాని మీద ఇంటర్నెట్‌లో వారాల తరబడి వాదులాడుకున్నారు. నిజానికి ఆ నింద పూర్తిగా అబద్ధం కాదు. బార్లలో, ఇళ్ళలో చేతికందే గ్లాసుల్లో సగానికి పైగా దానికి తగినట్టే ఉంటాయి. నా పేచీ అల్లా నేరం ఎవరిదన్న దగ్గరే. అందరూ ఆపెరోల్‌ని తిడతారు. గోరువెచ్చని సీసా, చప్పబడిన సోడా, గుప్పెడు ఐసు, కళ్ళు మూసుకుని పాటించే 3-2-1 పాళ్ళ లెక్క, ఈ నాలుగూ కలిసి చేసే నష్టం ముందు ఆపెరోల్ తప్పు చాలా చిన్నది.

గ్లాసులోకి వెళ్ళేవి మూడే: ఇటలీ బుడగల వైన్ ప్రోసెక్కో, తీపి-చేదు కలిసిన నారింజ రంగు లిక్కర్ ఆపెరోల్, సోడా. షేకర్ అక్కర్లేదు, వడకట్టేది లేదు, సిరప్ కాచేది లేదు. అంత సులువు కాబట్టే ఎవరూ దాని మీద మనసు పెట్టరు. విస్కీలో సోడా కాస్త అటూ ఇటూ అయినా విస్కీ గట్టెక్కిస్తుంది. ఇందులో గట్టెక్కించే బలమైన సరుకేదీ లేదు. ఆపెరోల్‌లో ఆల్కహాల్ 11 శాతమే, ప్రోసెక్కోలోనూ ఇంచుమించు అంతే. కాబట్టి రుచి మొత్తం చలి మీద, గ్యాస్ మీద, తీపి-చేదుల తూకం మీద నిలబడాలి. ఈ మూడింటిలో ఏది జారినా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది.

ముందు ఆ 3-2-1 సంగతి. మూడు వంతుల ప్రోసెక్కో, రెండు వంతుల ఆపెరోల్, ఒక వంతు సోడా. ఆపెరోల్ కంపెనీ ప్రకటనల్లో ఉండేది ఇదే. అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం జాబితాలోనూ 90 మి.లీ. ప్రోసెక్కోకి 60 మి.లీ. ఆపెరోల్, పైన కాస్త సోడా అని ఉంటుంది. దీన్ని పూర్వీకుల నుంచి వచ్చిన పాళ్ళు అనుకునేవాళ్ళు ఇటలీలోని వెనెతో ప్రాంతపు చరిత్ర ఒకసారి చూడాలి. వెనిస్, పాదువా, వెరోనా ఉన్న ఆ ప్రాంతం 1866 దాకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. స్థానిక వైన్ ఘాటు తట్టుకోలేక ఆస్ట్రియా సిపాయిలు అందులో నీళ్ళు కలుపుకునేవారని, స్ప్రిట్జ్ పుట్టుక అదేనని అక్కడ చెబుతారు. అంటే మొదట్లో ఇందులో చేదు సరుకే లేదు. ట్రియెస్తెలో ఈనాటికీ తెల్ల స్ప్రిట్జ్ అడిగితే వైన్, సోడా మాత్రమే పోసి ఇస్తారు. బ్రెషా ఊరివాళ్ళు ‘పిర్లో’ అని చేసుకుంటారు, అందులో బుడగల్లేని తెల్ల వైన్, కాంపారి అనే ఎర్ర చేదు లిక్కర్, సోడా. వెనిస్ వాళ్ళు తమ ఊళ్ళో 1920లో పుట్టిన సెలెక్ట్ అనే చేదు లిక్కర్ పోసి, పచ్చ ఆలివ్ కాయ గుచ్చి ఇస్తారు. ఆపెరోల్ పాదువాది. లుయీజీ, సిల్వియో బార్బియేరి అనే అన్నదమ్ములు 1919లో ఆ ఊరి అంతర్జాతీయ ప్రదర్శనలో దాన్ని బయటపెట్టారు. 2003లో అది కాంపారి గ్రూపు చేతికి వచ్చింది. ప్రపంచమంతా నారింజ రంగు గ్లాసులు కనిపించడం ఆ తర్వాతి సంగతి.

ఊరికో తీరు ఉన్న పానీయానికి ఒకే కొలత ఉందంటే నేను నమ్మను. సీసా అమ్ముకునేవాడు ఆ సీసా త్వరగా ఖాళీ అయ్యే కొలతనే ప్రచారం చేస్తాడు, అది వాడి వ్యాపారం. మనం దాన్ని మొదటి గ్లాసుకు వాడుకుని, రెండో గ్లాసు నుంచి మన నాలుక మాట వినాలి.

తీపి లెక్క ఒకసారి వేసి చూడండి. ఆపెరోల్‌లో లీటరుకు సుమారు పావు కిలో చక్కెర ఉంటుంది. 60 మి.లీ. పోస్తే 15 గ్రాములు, అంటే మూడు టీస్పూన్లు. ప్రోసెక్కో నుంచి ఇంకో గ్రామో, గ్రామున్నరో. మొత్తం 180 మి.లీ. డ్రింకులో 16 గ్రాముల పైచిలుకు, అంటే వంద మి.లీ.కి తొమ్మిది గ్రాములు. కోలాలో పదిన్నర దాకా ఉంటుంది. కాబట్టి ‘తీపి ఎక్కువ’ అనేవాళ్ళ నాలుక అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడే ఒక అనవసరపు చర్చ మొదలవుతుంది: ప్రోసెక్కో బ్రూట్ కొనాలా, ఎక్స్‌ట్రా డ్రై కొనాలా? డ్రై అంటే తీపి లేనిదని పేరు చూసి మోసపోకండి. ఎక్స్‌ట్రా డ్రై అంటే లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర, బ్రూట్ అంటే 12 లోపు. వట్టి ‘డ్రై’ అని ఉంటే అది ఇంకా తీపి, 17 నుంచి 32 గ్రాములు. బ్రూట్‌కీ ఎక్స్‌ట్రా డ్రైకీ లీటరుకు ఏడెనిమిది గ్రాముల తేడా ఉందనుకున్నా మనం పోసే 90 మి.లీ.లో అది ముప్పావు గ్రాము కూడా ఉండదు. ఆపెరోల్‌ని 60 నుంచి 45కి దించితే తగ్గేది దాదాపు నాలుగు గ్రాములు. రెండూ దొరికితే బ్రూటే తీసుకోండి. దొరకకపోతే ఆ దిగులు వదిలేయండి, తీపి తగ్గించే మీట వేరే సీసాలో ఉంది.

నేను వాదించే కొలత ఇది: 90 మి.లీ. ప్రోసెక్కో, 45 మి.లీ. ఆపెరోల్, 30 మి.లీ. సోడా. చక్కెర పన్నెండు గ్రాముల దగ్గరికి వస్తుంది, చేదు ముందుకొస్తుంది, ప్రోసెక్కోలోని ఆకుపచ్చ యాపిల్, బేరిపండు వాసనలు బయటపడతాయి. ఇంత తగ్గిస్తే పలచబడిపోదా అని అడగొచ్చు. అలా అనిపిస్తే ఆపెరోల్ పెంచకండి, ఒక టీస్పూను కాంపారి వేయండి. ఆపెరోల్‌లోని చేదు జెన్షియన్ వేరు, సింకోనా బెరడు, రేవల్చిన్ని, చేదు నారింజ తొక్క లాంటి వాటి నుంచి వస్తుంది. కానీ అది చక్కెర వెనక దాక్కుని ఉంటుంది. కాకరకాయ పులుసులో బెల్లం ఎందుకు వేస్తామో మనకెవరూ చెప్పక్కర్లేదు. చేదును చంపడానికి కాదు, నోట్లో నిలబెట్టడానికి. బెల్లం రెండు పలుకులు ఎక్కువైందో, అది కాకరకాయ అని కూడా తెలియదు. ఇక్కడా అంతే. భోజనానికి ముందు తాగే డ్రింకు ఆకలి పుట్టించాలి. తీపి ఆకలిని చంపుతుంది, చేదు నోరూరిస్తుంది.

ఇక అసలు విషయం, చలి.

సీసాలు అల్మారాలోంచి తీసి, ఐసు వేస్తే అదే చల్లబడుతుందిలే అనుకోవడం దగ్గరే చాలా స్ప్రిట్జ్‌లు పాడవుతాయి. ఇది కూడా లెక్కకు అందే విషయమే. మే నెల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గది వేడి 30 డిగ్రీలు ఉందనుకుందాం. 180 మి.లీ. ద్రవాన్ని 30 నుంచి సున్నా దగ్గరికి దించాలంటే సుమారు 5,400 కేలరీల వేడి లాగేయాలి. తిండి లెక్కలోని కేలరీలు కావు, బడిలో చదువుకున్న చిన్న కేలరీలు. ఫ్రీజర్‌లోంచి మైనస్ 18 డిగ్రీల దగ్గర తీసిన 150 గ్రాముల ఐసు, కరగకుండా సున్నా దాకా వేడెక్కుతూ 1,350 లాగుతుంది. మిగిలిన నాలుగు వేల చిల్లర కోసం అది కరగక తప్పదు. గ్రాము కరిగితే 80 కేలరీలు, అంటే యాభై గ్రాముల ఐసు నీళ్ళయిపోతుంది. గ్లాసు కూడా వేడిగా ఉంటే ఇంకో పదిహేను గ్రాములు. మొదటి గుటక మింగేలోపే మీ డ్రింకులో పావు గ్లాసు పంపు నీళ్ళు కలిశాయన్నమాట.

అదే మూడు సీసాలనూ 5 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే లాగాల్సింది 900 కేలరీలే. ఐసు సున్నాకి వచ్చేలోపే ఆ పని అయిపోతుంది, మొదట్లో కరిగేది దాదాపు ఏమీ ఉండదు. ఇంతకన్నా పెద్ద చిట్కా ఈ డ్రింకులో ఇంకోటి లేదు. చలికి ఇంకో లాభం కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. గ్లాసు వేడెక్కే కొద్దీ అదే చక్కెర బయటపడి దగ్గు మందులా అనిపిస్తుంది. ‘మొదట బాగుంది, చివరికొచ్చేసరికి వెగటు పుట్టింది’ అనేవాళ్ళు చెప్పేది దీని గురించే.

ప్రోసెక్కో ఫ్రిజ్ కింది అరలో మూడు నాలుగు గంటలైనా ఉండాలి. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, అరగంటలో చాలు. వట్టి ఐసులో గుచ్చితే అంత త్వరగా చల్లబడదు, ముక్కల మధ్య ఉండేది గాలి కదా. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోవద్దు. వైన్ గడ్డకడితే ఉబ్బుతుంది, ఒత్తిడి ఉన్న సీసా పగిలే ప్రమాదం ఉంది. ఆపెరోల్ కూడా ఫ్రీజర్‌కి తగదు. వోడ్కాలా పెట్టి వదిలేద్దామనుకుంటే, 11 శాతం ఆల్కహాల్ దాన్ని కాపాడలేదు, ముద్దగా తయారవుతుంది. ఫ్రిజ్ తలుపు చాలు. మూత తీసిన ఆపెరోల్ అక్కడ కొన్ని నెలలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత నారింజ వాసన నీరసపడుతుంది.

ఐసు విషయంలో మనవాళ్ళది పిసినారితనం. రెండు ముక్కలు వేస్తే త్వరగా కరిగిపోతాయి, నిండా వేస్తే ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. పెద్ద వైన్ గ్లాసు నిండేలా, ఒక్కోటి ముప్పై గ్రాములుండే ముక్కలు ఐదు వేయండి. ఫ్రిజ్‌తో వచ్చే ట్రేలోని చిన్న ముక్కలు ఉపరితలం ఎక్కువవడం వల్ల ఇట్టే కరుగుతాయి. సిలికాన్ అచ్చులు తెచ్చుకోవడం మంచిది. ఫ్రీజర్‌లో పక్కనే రొయ్యలో, మసాలా పట్టించిన చేపో ఉంటే ఐసుకి ఆ వాసన పడుతుంది. కోడి పులుసులో తెలియదు, ప్రోసెక్కోలో పట్టిస్తుంది. మూత ఉన్న అచ్చు వాడండి, లేదా ముక్కలు గట్టిపడగానే కవరులో మూటగట్టండి.

గ్యాస్ సంగతి చలికి అంటుకునే ఉంది. కార్బన్ డయాక్సైడ్ 30 డిగ్రీల నీళ్ళలో కరిగేదానికి రెట్టింపుకు పైగా 5 డిగ్రీల నీళ్ళలో కరిగి ఉంటుంది. వేడి సీసా మూత తీయగానే నురగ పొంగేది అందుకే. ఆ నురగతో పాటు డబ్బు పెట్టి కొన్న బుడగలూ పోతాయి. ప్రోసెక్కోలో బుడగలు పెద్ద ఉక్కు తొట్లలో రెండోసారి పులియబెట్టడం వల్ల పుడతాయి. ఫెదెరీకో మార్తినోత్తి అనే ఇటలీ ఆయన 1895లో పేటెంటు చేసిన పద్ధతి అది. కొనేటప్పుడు లేబుల్ మీద ‘స్పుమాంతె’ అని ఉందో లేదో చూడండి. దానిలో ఒత్తిడి కనీసం 3.5 బార్లు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ‘ఫ్రిజ్జాంతె’ అని ఉంటే ఒకటి నుంచి రెండున్నర బార్లే, కార్కుని దారంతో కట్టి ఉంటుంది లేదా మామూలు సోడా మూత ఉంటుంది. నేరుగా తాగడానికి అదీ బాగుంటుంది కానీ ఐసు, లిక్కర్ కలిసేసరికి చతికిలబడుతుంది.

సోడాలో చేసే పొరపాట్లు నాకు తెలిసి మూడు రకాలు. రెండు లీటర్ల సీసా మొన్న తెరిచింది వాడటం మొదటిది. ఒక గ్లాసుకి 30 మి.లీ. చాలు కాబట్టి ఉన్నవాటిలో అతి చిన్న సీసా కొని, ఆ పూటే అవగొట్టాలి. టానిక్ వాటర్‌ని సోడా అనుకోవడం రెండోది. టానిక్‌లో చక్కెర ఉంది, క్వినైన్ చేదు ఉంది, రెండూ ఆపెరోల్‌లో ముందే ఉన్నాయి. మూడోది స్ప్రైట్ లాంటివి పోయడం, దాని గురించి మాట్లాడటం కూడా దండగ. బండి మీది సాదా గోళీ సోడాలో గ్యాస్ బలంగానే ఉంటుంది. నీళ్ళ మీద నమ్మకం ఉంటే, గోళీ కొట్టిన క్షణంలోనే గ్లాసులో పడితే, దానికి నేను అడ్డు చెప్పను. ఇంట్లో సోడా యంత్రం ఉన్నవాళ్ళు నీళ్ళని ముందు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత గ్యాస్ ఎక్కించాలి.

ఇప్పుడు పోసే వరస. ఐసు గ్లాసులో వేశాక, చల్లటి నీళ్ళు కాస్త పోసి ఒక్కసారి తిప్పి, ఐసు జారకుండా చెయ్యి అడ్డుపెట్టి వంపేయండి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు మీద మంచు పొడిలా గరుకు ఉంటుంది. ప్రతి గరుకూ ఒక బుడగ పుట్టే చోటే. తడిస్తే ఆ గరుకు పోయి ఐసు అద్దంలా మెరుస్తుంది, ప్రోసెక్కో పొంగదు. నీళ్ళు మాత్రం చుక్క మిగలకుండా వంపాలి.

సీసా తెరిచేటప్పుడు తీగ కట్టుని ఆరు అర చుట్లు తిప్పితే వదులవుతుంది. అప్పటి నుంచి బొటనవేలు కార్కు మీంచి తీయకూడదు. సీసాని 45 డిగ్రీలు వంచి, మనుషుల వైపు కాకుండా పట్టుకుని, కార్కు కదలకుండా సీసాని తిప్పండి. ‘టప్’మని పేలితే పెళ్ళివారు చప్పట్లు కొడతారు కానీ గ్యాస్ పోయినట్టే. నిట్టూర్పులా ‘స్...’ అనాలి.

ముందు ప్రోసెక్కో, గ్లాసు వంచి గోడ మీంచి. తర్వాత ఆపెరోల్, ఐసు మీద గుండ్రంగా తిప్పుతూ. చివర్లో సోడా. ఆపెరోల్ ముందు పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, బార్లలో కూడా. చక్కెర వల్ల అది వైన్ కన్నా బరువు. ముందు పోస్తే అడుగున కూర్చుంటుంది, దాన్ని పైకి తేవడానికి గరిటెతో గిలక్కొట్టాలి, ఆ గిలక్కొట్టడంలో గ్యాస్ పోతుంది. పైనుంచి పోస్తే తన బరువుకి తనే దిగుతూ దారిలో కలుస్తుంది. ఆ నారింజ తీగలు పసుపు వైన్‌లోకి మెలికలు తిరుగుతూ దిగి, రెండు మూడు క్షణాల్లో గ్లాసంతా ఒకే రంగుకి వస్తుంది. ఇంకా అడుగున ఎరుపు, పైన తెలుపు ఉంటే పొడుగాటి చెంచాని అడుగుదాకా దింపి ఒక ఐసు ముక్కని ఒక్కసారి పైకెత్తి వదలండి. అంతే, తిప్పొద్దు.

నారింజ ముక్కకు ఇటలీ నుంచి వచ్చిన పండు వెతకాల్సిన పనిలేదు. నల్గొండ, అనంతపురం తోటల్లో పండే సాత్‌గుడి బత్తాయి అక్కడి తీపి నారింజ జాతిదే, తొక్క పచ్చగా ఉంటుందంతే. కమలా పండు తొక్క వదులుగా ఉండి ముక్క కోస్తే విడిపోతుంది. బత్తాయిని బాగా కడిగి, అర సెంటీమీటరు మందాన సగం చక్రంలా కోసి, గ్లాసు గోడకీ ఐసుకీ మధ్య దోపండి. పిండొద్దు. మనకి కావలసింది తొక్కలోని నూనె వాసన, రసం కాదు. రసం పడితే తీపి, పులుపు రెండూ పెరిగి మనం కష్టపడి కుదిర్చిన తూకం పోతుంది.

వెనిస్ ఆలివ్ సంగతి చాలామంది వింతగా చూస్తారు, నాకైతే అది నారింజ కన్నా తెలివైన పని. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదుని తగ్గించి మిగతా రుచుల్ని పైకి తెస్తుంది. సెలెక్ట్‌లో ఆల్కహాల్ 17.5 శాతం, చేదు కూడా ఆపెరోల్ కన్నా ఒక మెట్టు ఎక్కువ. కాబట్టి ఉప్పునీళ్ళ ఆలివ్ దానికి సరిగ్గా అతుకుతుంది. ఆలివ్ లేకపోతే గ్లాసులో ఉప్పు వేయకండి, పక్కన వేయించిన వేరుశనగపప్పు ఉప్పు చల్లి పెట్టుకోండి, పని అదే జరుగుతుంది.

ఆపెరోల్ బదులు కాంపారి పోద్దామనుకునేవాళ్ళు ఆగి లెక్క చూసుకోవాలి. గాస్పారె కాంపారి 1860లో నోవారాలో మొదలుపెట్టిన ఈ ఎర్ర బిట్టర్‌లో ఆల్కహాల్ చాలా దేశాల్లో 25 శాతం, ఆపెరోల్‌కి రెట్టింపు కన్నా ఎక్కువ. 60కి 60 పోస్తే గ్లాసులో దాదాపు 25 మి.లీ. శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. అంటే మన 42.8 శాతం విస్కీ లార్జ్ పెగ్గుతో సమానం, పైగా చల్లగా, తియ్యగా ఉంటుంది కాబట్టి గుటుక్కున దిగుతుంది. కాంపారికి నేను 35 మి.లీ. మించను, సోడాని 45కి పెంచుతాను. చేదు అలవాటు లేనివాళ్ళకి పాదువా బార్లలో ‘మిస్తో’ అని ఇచ్చే పద్ధతి బాగుంటుంది: సగం ఆపెరోల్, సగం కాంపారి. శాకాహారులకి ఒక మాట: కాంపారి ఎరుపు ఒకప్పుడు కొచినీల్ పురుగుల నుంచి వచ్చేది. 2006 నుంచి చాలా దేశాల్లో ఆ రంగు మానేశారు. అయినా లేబుల్ మీద ఆ రంగు సంకేతం ఈ120 (E120) అని ఉందేమో చూసుకోవడం మంచిది.

ఇదే కుటుంబంలో నాకు స్ప్రిట్జ్ కన్నా ఎక్కువ నచ్చేది నెగ్రోని స్బల్యాతో. మిలాన్‌లోని బార్ బాస్సోలో మిర్కో స్టోకెట్టో అనే బార్టెండర్ నెగ్రోని కాక్‌టెయిల్ కలుపుతూ జిన్ బదులు పొరపాటున స్పార్క్‌లింగ్ వైన్ పోయడంతో పుట్టిందని ఆ బార్ చెప్పుకునే కథ. కాంపారి 30, ఎర్ర తీపి వెర్మూత్ 30, పైన ప్రోసెక్కో 30, ఐసు నిండిన పొట్టి గ్లాసులో. సోడా లేదు. ఇందులో మొదటి రెండూ కలిపి చెంచాతో బాగా తిప్పి చల్లబరచవచ్చు, ప్రోసెక్కో పడ్డాక మాత్రం చెంచా పక్కన పెట్టేయాలి. వెర్మూత్ కూడా వైనే అన్న సంగతి మరిచి, మూత తీసిన సీసాని ఏడాది పాటు షోకేసులో నిలబెట్టేవాళ్ళున్నారు. తెరిచాక దాని చోటు ఫ్రిజ్, ఆయుష్షు నెలా, రెండు నెలలు.

ప్రోసెక్కో దొరకని చోట నాశిక్ స్పార్క్‌లింగ్ వైన్లు, సులా బ్రూట్, షాందోన్ బ్రూట్ లాంటివి, నిక్షేపంగా పనికొస్తాయి. అవి సీసాలోనే రెండోసారి పులిసినవి. బుడగలు సన్నగా, గట్టిగా ఉంటాయి, రొట్టె వాసన కాస్త తగులుతుంది. ఆపెరోల్‌తో ఆ వాసన కొంచెం కొట్లాడుతుంది, కాంపారితో సర్దుకుపోతుంది. ఖరీదైన షాంపేన్ మాత్రం ఇందులో పోయకండి, అది రెండింటికీ అన్యాయం.

ఆపెరోల్ కూడా ఇంట్లోనే చేసేద్దామనే ఉత్సాహవంతులకు నా సలహా ఒక్కటే: నారింజ తొక్కలు వోడ్కాలో నానబెట్టుకోండి, అక్కడితో ఆగండి. సింకోనా బెరడులో క్వినైన్ ఎంత దిగిందో వంటింట్లో కొలవలేం. మోతాదు మించితే చెవుల్లో హోరు, తలనొప్పి, వాంతులు వస్తాయి. జెన్షియన్ దొరకలేదని ఆయుర్వేద దుకాణంలో కటుకరోహిణి తెచ్చి వేయడం అంతకన్నా తెలివితక్కువ పని, అది మందు. మద్యం ముట్టనివాళ్ళకి ఇటలీలోనే క్రొదీనో, సాన్‌బిట్టేర్ అని 1960ల నుంచి చిన్న సీసాల్లో వస్తున్నాయి. ఆల్కహాల్ లేని బిట్టర్లు, గ్యాస్ కలిపే ఉంటుంది. ఐసు, బత్తాయి ముక్క వేస్తే చాలు. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్ళకి ఇటాలియన్ దుకాణాల్లో దొరుకుతాయి.

ఇది తేలికైన డ్రింకు అనే మాటని కూడా కాస్త తూకం వేయాలి. నేను చెప్పిన 90-45-30 గ్లాసులో శుద్ధ ఆల్కహాల్ దాదాపు 15 మి.లీ. ఒక స్మాల్ విస్కీలో ఉండేది 13 లోపు. అంటే స్మాల్ కన్నా ఎక్కువే. మన దేశంలో బండి నడిపేవాళ్ళకి వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. హద్దు. అరవై కిలోల మనిషిని ఒక్క గ్లాసే ఆ గీత దగ్గరికి తీసుకెళ్ళగలదు. జ్యూసు రంగులో ఉందని, స్ట్రా వేసి ఇచ్చారని అది జ్యూసు అయిపోదు.

నలుగురు వచ్చినప్పుడు జగ్గులో కలిపి ఉంచడం అస్సలు చేయకండి. పది నిమిషాల్లో గ్యాస్ దిగిపోతుంది, ఐసు కరిగి నీళ్ళవుతుంది, మూడో మనిషికి అందేది రంగు నీళ్ళు. ఎనిమిది మందికి రెండేసి గ్లాసులు అనుకుంటే 750 మి.లీ. ప్రోసెక్కో సీసాలు రెండు సరిగ్గా సరిపోతాయి, ఒకటి అదనంగా చల్లబెట్టి ఉంచండి. ఆపెరోల్ 720 మి.లీ. కావాలి. 700 సీసా అయితే చివరి గ్లాసుకి 20 మి.లీ. తక్కువ పడుతుంది, 750 అయితే నిశ్చింత. సోడా అర లీటరు, అది కూడా చిన్న సీసాల్లో. ఐసు గ్లాసులకే రెండున్నర కిలోలు, బకెట్‌లో సీసాలు నిలబెట్టడానికి ఇంకో రెండు కిలోలు. ఇంటి ట్రేలతో అయ్యే పని కాదు, ముందు రోజే తెప్పించుకోవాలి. గ్లాసులు అరగంట ముందు ఫ్రిజ్‌లోకి. సాస్ డబ్బాలు, పెరుగు గిన్నెలు తీసి చోటు చేయండి, ఆ పూటకి అవి బయట ఉన్నా కొంపలేం మునగవు. ఆపెరోల్ 45 మి.లీ. చొప్పున చిన్న గ్లాసుల్లో ముందే కొలిచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, మనిషి రాగానే ఐసు, ప్రోసెక్కో, ఆపెరోల్, సోడా, బత్తాయి ముక్క, నిమిషం పట్టదు. మిగిలిన ప్రోసెక్కోకి మెడలో చెంచా వేలాడదీసే చిట్కా పనిచేయదు. బిగుతుగా పట్టే స్పార్క్‌లింగ్ వైన్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు సాయంత్రం దాకా పనికొస్తుంది. ఆ మర్నాటి గ్లాసులో మాత్రం సోడా 30 బదులు 45 పోయండి.